పేరున్న ప్రభుత్వ విశ్వవిద్యాలయాల్లో దూరవిద్య: ఉద్యోగం చేస్తూ ఎం.ఏ. ఎక్కడ చదవడం మంచిది?

ప్రశ్న: నాగావళి_గట్టు

అందరికీ నమస్కారం. నేను పార్వతీపురం ప్రాంతంలో ఒక ప్రభుత్వ కార్యాలయంలో జూనియర్ అసిస్టెంటుగా పనిచేస్తున్నాను. కొన్నేళ్ల కిందట తెలుగు మాధ్యమంలో బీకాం పూర్తిచేశాను. పెళ్లి, పిల్లలు, ఉద్యోగం అంటూ చదువు ఆగిపోయింది. ఇప్పుడు ఆర్థికశాస్త్రంలో ఎం.ఏ. చేసి, వీలైతే జూనియర్ లెక్చరర్ ఉద్యోగానికి ప్రయత్నించాలని ఉంది. రెగ్యులర్ కళాశాలకు వెళ్లే అవకాశం లేదు కనుక దూరవిద్యే మార్గం.

నా సందేహమల్లా విశ్వవిద్యాలయం గురించే. ఇగ్నో (ఇందిరాగాంధీ జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయం) అని కొందరు, ఆంధ్రా యూనివర్సిటీ అని కొందరు చెబుతున్నారు. ఢిల్లీ విశ్వవిద్యాలయం పేరు మీద పట్టా ఉంటే ఆ గౌరవమే వేరని మా కార్యాలయంలో ఒక పెద్దాయన గట్టిగా వాదిస్తున్నారు. ఇవి చాలవన్నట్టు మా ఊరి బస్టాండు ఎదుట ఉన్న ఒక అడ్మిషన్ కేంద్రం వారు, వేరే రాష్ట్రంలోని విశ్వవిద్యాలయం నుంచి ఒక్క ఏడాదిలో ఎం.ఏ. ఇప్పిస్తామని, పరీక్షల సంగతి తామే చూసుకుంటామని అంటున్నారు. ఆ మాట వినగానే భయం వేసింది.

మరొక విషయం. మా తమ్ముడు ఇంటర్ ఎంపీసీ తర్వాత చదువు ఆపి ఒక మొబైల్ దుకాణంలో పనిచేస్తున్నాడు. మద్రాసు ఐఐటీ వారు జేఈఈ లేకుండానే ఇంటి నుంచి డిగ్రీ చదివిస్తున్నారని ఎవరో చెప్పగా విని ఉత్సాహంగా ఉన్నాడు. అది నిజమైన డిగ్రీయేనా? అనుభవం ఉన్నవారు దయచేసి వివరంగా చెప్పండి.

జవాబు 1: పాత_కౌన్సెలర్

నమస్కారమమ్మా. నేను డిగ్రీ కళాశాలలో ఆర్థికశాస్త్రం బోధించి రిటైరయ్యాను. ఉద్యోగంలో ఉండగా చాలాకాలం ఆదివారాల్లో ఇగ్నో స్టడీ సెంటరులో కౌన్సెలింగ్ తరగతులు తీసుకున్నాను.

ముందుగా ఆ బస్టాండు కేంద్రం వైపు వెళ్లకండి. దూరవిద్య కోర్సులను ఫ్రాంచైజీ పద్ధతిలో నడపడాన్ని విశ్వవిద్యాలయ నిధుల సంఘం (యూజీసీ) నిషేధించింది. మూడేళ్ల డిగ్రీ తర్వాత చేసే ఎం.ఏ. కనీస కాలవ్యవధి రెండేళ్లు. దానిని ఏడాదిలో ఇప్పిస్తామన్నవారు ఏ తేదీలు వేసి ఇస్తారో ఊహించుకోవచ్చు. రేపు లెక్చరర్ ఉద్యోగానికి ధ్రువపత్రాల పరిశీలన జరిగినప్పుడు ఆ తేదీలే మీ మెడకు చుట్టుకుంటాయి.

ఇక పేరు ప్రతిష్ఠల విషయం. యూజీసీ 2020లో తెచ్చిన దూరవిద్య, ఆన్‌లైన్ కోర్సుల నిబంధనల ప్రకారం, గుర్తింపు ఉన్న విశ్వవిద్యాలయం అనుమతి పొందిన కోర్సును ఈ పద్ధతుల్లో చెప్పి ఇచ్చిన పట్టా రెగ్యులర్ పట్టాతో సమానం. కాబట్టి నియామక సంస్థ ముందు ఢిల్లీకి ఒక విలువ, విశాఖకు ఒక విలువ అంటూ ఉండవు. అయితే అందులో ‘అనుమతి పొందిన కోర్సు’ అన్న మాటను గట్టిగా పట్టుకోండి. విశ్వవిద్యాలయం ఎంత పాతదైనా, ఎంత గొప్పదైనా, మీరు చేరే ఏడాదికి, మీరు చేరే కోర్సుకు యూజీసీ దూరవిద్యా విభాగం గుర్తింపు ఉన్నదా లేదా అన్నదే లెక్క. విద్యాసంస్థల నాణ్యతను మదింపు చేసే న్యాక్ ఇచ్చే స్కోరు తగ్గినా, అధ్యాపకుల ఖాళీలు నింపకపోయినా పేరున్న సంస్థల కోర్సులకు సైతం అనుమతి ఆగవచ్చు. యూజీసీ దూరవిద్యా విభాగం వెబ్‌సైటులో సంవత్సరం, సంస్థ, కోర్సు వారీగా జాబితా ఉంటుంది. ఫీజు కట్టే ముందు ఆ పేజీని చూసి, దాని ప్రతిని దాచుకోండి.

ఇగ్నో గురించి నాకు తెలిసింది చెబుతాను. 1985లో పార్లమెంటు చట్టం ద్వారా ఏర్పడిన కేంద్రీయ విశ్వవిద్యాలయం కనుక దానికి ప్రాంతీయ పరిధి అన్న చిక్కు లేదు. దేశమంతటా ఎక్కడైనా చేరవచ్చు, బదిలీ అయితే స్టడీ సెంటరు మార్చుకోవచ్చు. విశాఖపట్నం, విజయవాడ, హైదరాబాద్‌లలో ప్రాంతీయ కేంద్రాలు ఉన్నాయి. జనవరి, జూలై అని ఏటా రెండు ప్రవేశాలు, జూన్, డిసెంబరు అని రెండు సార్లు పరీక్షలు. బీకాం చదివినవారు ఎం.ఏ. ఆర్థికశాస్త్రంలో నేరుగా చేరవచ్చు. రెండేళ్ల కోర్సే అయినా నాలుగేళ్ల వరకు గడువు ఉంటుంది. ఇంట్లో ఏదైనా ఇబ్బంది వచ్చి ఒక విడత పరీక్షలు రాయలేకపోయినా మునిగిపోయేది లేదు.

అయితే ఒక పెద్ద అడ్డంకి ఉంది. ఇగ్నోలో ఎం.ఏ. ఆర్థికశాస్త్రం ఇంగ్లిష్, హిందీ మాధ్యమాల్లోనే నడుస్తుంది. మీరు తెలుగు మాధ్యమంలో చదివానన్నారు. భాషను నెట్టుకు రావచ్చుగాని, మొదటి ఏడాదిలో వచ్చే క్వాంటిటేటివ్ మెథడ్స్ దగ్గర చాలామంది ఆగిపోవడం నేను చూశాను. ఆ పేపరులో మాత్రికలు, అవకలనం, గణాంకాలు అన్నీ ఉంటాయి. కామర్స్ నుంచి వచ్చినవారు చేరకముందే ఇంటర్ గణితం పుస్తకాలు ఒకసారి తిరగేస్తే చాలా మేలు.

అసైన్‌మెంట్ల గురించి కూడా చెప్పాలి. ప్రతి పేపరులో 30 శాతం మార్కులు వాటివే, తక్కిన 70 శాతం పరీక్షవి. ఎం.ఏ.లో ఈ రెండింటిలోనూ విడివిడిగా 40 శాతం రావాలి. పరీక్షలో ఎంత బాగా రాసినా అసైన్‌మెంటు ఇవ్వకపోతే ఆ పేపరు పూర్తికానట్టే. ప్రశ్నలు ఏటా మారుతాయి. నిరుటి విద్యార్థి దగ్గర తెచ్చుకున్న జవాబులు ఎత్తి రాసి, ప్రశ్నపత్రం పాతదని తేలి, మళ్లీ మొదటి నుంచి రాసినవారు మా సెంటరులోనే ఎందరో. ఎ4 కాగితాల మీద సొంత చేతివ్రాతతో రాసి, మొదటి పుటలో నమోదు సంఖ్య, కోర్సు కోడు, స్టడీ సెంటరు కోడు వేసి, ఇచ్చినప్పుడు ముద్ర వేసిన రసీదు తప్పక తీసుకోండి. ఆ చిన్న చీటీ లేక, ‘మీది మాకు అందలేదు’ అన్న జవాబుతో ఏడాది పోగొట్టుకున్న పిల్లలు ఉన్నారు.

పాఠ్యపుస్తకాలు మాత్రం నిజంగా మంచివి. ప్రతి యూనిట్‌లోనూ మధ్యమధ్య ‘మీ ప్రగతిని పరిశీలించుకోండి’ తరహాలో ప్రశ్న, దాని కింద ఖాళీ గీతలు ఉంటాయి. తొంభై శాతం మంది ఆ గీతలను ఖాళీగానే వదిలేస్తారు. వాటిలో పెన్సిలుతో రాసుకుంటూ పోయినవారికి పరీక్ష ముందు విడిగా నోట్సు అక్కర ఉండదు. పార్సిల్ ఆలస్యమైనా దిగులు పడనక్కరలేదు, ఇగ్నో వారి ఆన్‌లైన్ భాండాగారం ఈజ్ఞానకోశ్‌లో అవే పుస్తకాలు ఉచితంగా దొరుకుతాయి. చేరకముందే ఒక యూనిట్ దించుకొని చదివి చూడండి. ఆ ఇంగ్లిష్ మీకు పట్టుబడుతుందో లేదో అక్కడే తెలిసిపోతుంది.

జవాబు 2: సిరిపురం_వాసి

కౌన్సెలర్ గారు చెప్పినవాటిలో చాలావరకు అంగీకరిస్తాను గాని, మన తెలుగు రాష్ట్రాల విశ్వవిద్యాలయాల మాట ఆయన ఎత్తనేలేదు. ఆంధ్రా యూనివర్సిటీ 1972లోనే కరస్పాండెన్స్ కోర్సులు మొదలుపెట్టింది. ఉస్మానియా 1977లో ప్రారంభించింది. దేశంలో మొట్టమొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం ఇగ్నో కాదు, 1982లో మన తెలుగునేల మీద పుట్టిన ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విశ్వవిద్యాలయం. నేడు అదే డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం. దానికి తొలి ఉపకులపతిగా పనిచేసిన జి. రామిరెడ్డి గారే తర్వాత ఇగ్నోకూ తొలి ఉపకులపతి అయ్యారు. ఉస్మానియా దూరవిద్యా కేంద్రానికి ఆయన పేరే పెట్టారు. ఇగ్నో నమూనా ఇక్కడిదేనని నేనంటే అతిశయోక్తి కాబోదు.

నేను ఆంధ్రా యూనివర్సిటీ దూరవిద్యలోనే పీజీ చేశాను. దగ్గరలో ఉన్న విశ్వవిద్యాలయం వల్ల కలిగే సౌకర్యం పట్టా చేతికి వచ్చాకే ఎక్కువగా తెలుస్తుంది. మార్కుల జాబితాలో ఇంటిపేరు అక్షరం తప్పు పడితే, ప్రొవిజనల్ సర్టిఫికెట్ అత్యవసరమైతే, పార్వతీపురం నుంచి పొద్దున బయలుదేరి విశాఖలో పని చూసుకొని రాత్రికి ఇంటికి చేరవచ్చు. ఢిల్లీలో అదే పనికి ఎన్ని ఉత్తరాలు రాయాలో ఆలోచించండి.

ఢిల్లీ విశ్వవిద్యాలయం గురించి మీ పెద్దాయన చెప్పినదాంట్లో నిజం లేకపోలేదు. 1962లో మొదలైన ఆ కరస్పాండెన్స్ విభాగమే నేటి స్కూల్ ఆఫ్ ఓపెన్ లెర్నింగ్. దేశంలో ఈ తరహా చదువుకు నాంది అదే. కాని దాని బోధన, తరగతులు, పరీక్షలు ఢిల్లీలో ఉండేవారిని దృష్టిలో పెట్టుకొని ఏర్పాటైనవి. పుస్తకాలు ఇంగ్లిష్, హిందీల్లో ఉంటాయి. ఉద్యోగానికి సెలవు పెట్టి, పిల్లలను ఎవరికో అప్పగించి, పరీక్షల కోసం ఢిల్లీ వెళ్లి రావడం మీ పరిస్థితిలో తలకు మించిన భారం. అన్నట్టు, రాష్ట్ర విశ్వవిద్యాలయాలు దూరవిద్యను తమ పరిధి దాటి నడపకూడదన్న నియమం ఉంది. కాబట్టి వేరే రాష్ట్రపు రాష్ట్ర విశ్వవిద్యాలయం ఒకటి మీ ఊళ్లోనే పరీక్ష కేంద్రం పెడతానంటే, ఆ ఒక్క ముక్క చాలు అనుమానించడానికి. పూర్తి ఆన్‌లైన్ కోర్సులకు మాత్రం ఈ ప్రాంతీయ పరిధి వర్తించదు.

తెలుగులో రాసే వీలు గురించి నా సలహా ఒక్కటే. అంబేద్కర్ సార్వత్రికలో డిగ్రీ స్థాయి పాఠాలు తెలుగులో ఉంటాయని అందరికీ తెలుసు. పీజీకి వచ్చేసరికి ఏ విశ్వవిద్యాలయంలోనైనా ప్రాస్పెక్టస్‌లో ‘మాధ్యమం’ అన్న గడిని చూసి, పుస్తకం ఏ భాషలో ఇస్తారు, జవాబు ఏ భాషలో రాయనిస్తారు అన్న రెండు ప్రశ్నలను విడివిడిగా అడగండి. పుస్తకం ఇంగ్లిష్‌లో ఇచ్చి తెలుగులో రాసుకోమనే చోట్లు ఉంటాయి. అది సౌకర్యంలా కనబడుతుంది గాని, పారిభాషిక పదాలన్నీ మీరే తెలుగు చేసుకోవాలి. తెలుగు అకాడమీ వారి డిగ్రీ ఆర్థికశాస్త్రం పుస్తకాలు పక్కన పెట్టుకుంటే ఆ పని కాస్త సులువవుతుంది.

కౌన్సెలర్ గారితో ఒక్క చోట విభేదిస్తున్నాను. నియామక సంస్థ ముందు అన్ని పట్టాలూ సమానమే అన్నది ప్రభుత్వ ఉద్యోగాల వరకు నిజం. ప్రైవేటు కళాశాలల ఇంటర్వ్యూల్లో ‘రెగ్యులరా, డిస్టెన్సా’ అన్న ప్రశ్న ఇప్పటికీ వస్తుంది. నన్నూ అడిగారు. యూజీసీ నిబంధనల ప్రకారం పట్టా మీద బోధన పద్ధతిని, చేరిన తేదీని, పూర్తిచేసిన తేదీని ముద్రించాలి కాబట్టి అది దాగే విషయం కూడా కాదు. సమానత్వం చట్టంలో ఉంది, ఇంటర్వ్యూ గదిలో ఇంకా పూర్తిగా రాలేదు.

జవాబు 3: క్విజ్_ఆదివారం

మీ తమ్ముడి ప్రశ్నకు నేను జవాబు చెప్పగలను. నేను విజయవాడలో పనిచేస్తూ మద్రాసు ఐఐటీ బీఎస్ డేటా సైన్స్ చదువుతున్నాను, ప్రస్తుతం డిప్లొమా దశలో ఉన్నాను.

అది నిజమైన డిగ్రీయే. పట్టా మద్రాసు ఐఐటీయే ఇస్తుంది. అయితే అది బీటెక్ కాదు. ఇంజినీరింగును దూరవిద్యలో చెప్పడానికి అనుమతి లేదు. కొన్ని డీమ్డ్ విశ్వవిద్యాలయాలు 2001 తర్వాత అలా దూరవిద్యలో ఇచ్చిన ఇంజినీరింగు పట్టాల గొడవ సుప్రీంకోర్టు దాకా వెళ్లి, 2017లో ఆ పట్టాల్లో కొన్నింటిని నిలిపివేస్తూ, కొన్నింటిని రద్దుచేస్తూ తీర్పు వచ్చింది. ఈ సంగతి తెలియక మా బంధువుల్లో సగం మంది నేను ‘ఐఐటీలో ఇంజినీరింగు’ చదువుతున్నానని ప్రచారం చేస్తున్నారు. ఖండించి ఖండించి విసుగొచ్చి ఊరుకున్నాను.

జేఈఈ అక్కరలేదన్నది నిజం, ప్రవేశ పరీక్షే లేదన్నది అబద్ధం. దరఖాస్తు చేసినవారికి మొదట నాలుగు వారాల పాఠాలు ఇస్తారు. గణితం, గణాంకశాస్త్రం, కంప్యుటేషనల్ థింకింగ్, ఇంగ్లిష్ అని నాలుగు సబ్జెక్టులు. ప్రతి వారం అసైన్‌మెంట్లలో కావలసిన మార్కులు తెచ్చుకున్నవారే క్వాలిఫయర్ పరీక్షకు అర్హులు. ఆ పరీక్షను కేంద్రానికి వెళ్లి రాయాలి, ఇంట్లో కూర్చొని రాసేది కాదు. పాఠాలు వీడియోల్లో, అభ్యాసాలు ఇంట్లో, క్విజ్‌లూ చివరి పరీక్షలూ మాత్రం కేంద్రాల్లో. అదే ఈ కోర్సు పరువు నిలబెట్టింది. చేరేవారు వేలల్లో ఉంటారు, గట్టెక్కేవారు అంతకన్నా బాగా తక్కువ.

ఫౌండేషన్ దశలో 32 క్రెడిట్లు, ఆపైన ప్రోగ్రామింగ్‌లో ఒకటి, డేటా సైన్స్‌లో ఒకటి చొప్పున రెండు డిప్లొమాలు, 114 క్రెడిట్లకు బీఎస్సీ, 142 క్రెడిట్లకు నాలుగేళ్ల బీఎస్ వస్తాయి. మధ్యలో ఏ దశలో ఆగినా, ఆ దశ సర్టిఫికెట్ తీసుకొని బయటికి రావచ్చు. ఏడాదికి మూడు టర్ములు. ఏ టర్ములో ఎన్ని సబ్జెక్టులు తీసుకోవాలో మనమే నిర్ణయించుకొని, వాటికి మాత్రమే ఫీజు కడతాం. మొత్తం లెక్క వేస్తే ఇగ్నోతో పోల్చలేనంత ఎక్కువ, లక్షల్లోకి వెళుతుంది. కుటుంబ ఆదాయాన్ని బట్టి, ఎస్సీ, ఎస్టీ, దివ్యాంగ అభ్యర్థులకు గణనీయమైన రాయితీలు ఉన్నాయి. ఆదాయ ధ్రువపత్రం ముందుగానే తీసిపెట్టుకోమనండి, దరఖాస్తు గడువు ముగిసే వారంలో మీసేవ చుట్టూ తిరిగితే పని కాదు.

దుకాణంలో పని ముగిసేసరికి రాత్రి తొమ్మిదవుతుందనుకుంటాను. ఒక్కో సబ్జెక్టుకు వారానికి పది గంటలు పడుతుంది. కాబట్టి మొదటి టర్ములో రెండింటితో మొదలుపెట్టడం క్షేమం. వీడియోలన్నీ ఇంగ్లిష్‌లోనే ఉంటాయి. దరఖాస్తు రుసుము కట్టే ముందే యూట్యూబులో ఉచితంగా ఉన్న మొదటి గణాంకశాస్త్రం పాఠాలను ఒక వారం పాటు చూడమనండి. అవి ఇష్టంగా సాగితే చేరమనండి. బలవంతంగా సాగితే, ఇగ్నోలో మామూలు డిగ్రీ చేయడం చిన్నతనమేమీ కాదు.

నాగావళి_గట్టు

అందరికీ ధన్యవాదాలు. నిన్న ఈజ్ఞానకోశ్‌లో సూక్ష్మ అర్థశాస్త్రం మొదటి యూనిట్ చదివాను. డిమాండు, వినియోగదారుడి ప్రవర్తన వరకు అర్థమైంది గాని, సమీకరణాలు వచ్చేసరికి వేగం తగ్గింది. మరో మూడు సందేహాలు ఉన్నాయి. ఉద్యోగంలో ఉన్నవారు ముందుగా అనుమతి తీసుకోవాలా? ఈ పట్టాతో తర్వాత పీహెచ్‌డీ చేయవచ్చా? తమ్ముడు తన కోర్సు తర్వాత విదేశాల్లో ఎంఎస్ చేయగలడా అని అడుగుతున్నాడు.

జవాబు 4: డాలస్_నుంచి

విదేశాల ప్రశ్నకు మాత్రమే జవాబిస్తాను. ఇక్కడ అమెరికాలోని విశ్వవిద్యాలయాలు, పట్టాలను మదింపు చేసే సంస్థలు మొదట చూసేది, పట్టా ఇచ్చిన సంస్థకు దాని సొంత దేశంలో గుర్తింపు ఉందా అన్నది. ఇగ్నో పట్టాతో ఇక్కడికి వచ్చి చదువుకున్నవారు నాకు తెలుసు. అసలు చిక్కు దూరవిద్య కాదు, మూడేళ్ల డిగ్రీ. అమెరికాలో డిగ్రీ నాలుగేళ్లది కనుక, మన మూడేళ్ల డిగ్రీ ఒక్కదాన్నే దానికి సమానంగా లెక్కించడానికి చాలా చోట్ల ఒప్పుకోరు. హెచ్1బి వీసా దగ్గర కూడా ఇదే తగాదా వస్తుంది. అందువల్ల మీ తమ్ముడికి విదేశాల ఆలోచన నిజంగా ఉంటే బీఎస్సీ దగ్గర ఆగకుండా నాలుగేళ్ల బీఎస్ పూర్తిచేయడం మేలు. ట్రాన్‌స్క్రిప్టులను (చదివిన సబ్జెక్టులు, మార్కుల అధికారిక పట్టికలను) విశ్వవిద్యాలయమే నేరుగా మదింపు సంస్థకు పంపాలని చాలాసార్లు అడుగుతారు. దూరవిద్యా విభాగాల్లో ఆ పనికి నెలలు పట్టవచ్చు కనుక, చివరి ఫలితాలు రాగానే ఆ దరఖాస్తు పెట్టేయాలి.

జవాబు 5: పాత_కౌన్సెలర్

ప్రభుత్వోద్యోగి కనుక చేరకముందే మీ కార్యాలయ అధికారికి లిఖితపూర్వకంగా దరఖాస్తు పెట్టి, అనుమతి పత్రం తీసుకోండి, ఆ చదువును సర్వీసు రిజిస్టరులో నమోదు చేయించండి. చదువు పూర్తయ్యాక అడిగితే చాలా చోట్ల కొర్రీలు వేస్తారు.

పీహెచ్‌డీకి దూరవిద్యలో చేసిన ఎం.ఏ. అడ్డు కాదు, 55 శాతం మార్కులు రావడం ముఖ్యం. అధ్యాపక అర్హత పరీక్ష అయిన నెట్ రాయడానికీ అదే హద్దు, రిజర్వేషన్ వర్గాలకు సడలింపు ఉంది. పీహెచ్‌డీని మాత్రం దూరవిద్యలోగాని ఆన్‌లైన్‌లోగాని చేయడానికి వీల్లేదు. ఉద్యోగంలో ఉంటూనే పార్ట్‌టైమ్‌గా చేయడానికి 2022 నాటి నిబంధనలు అవకాశమిచ్చాయి. పీహెచ్‌డీని ఎవరైనా ఆన్‌లైన్‌లో చేయిస్తామంటే నమ్మవద్దు. ఇగ్నోలో 40 శాతానికే గట్టెక్కవచ్చన్న ధీమాతో తొలి ఏడాది నిర్లక్ష్యం చేసి, 54 దగ్గర ఆగిపోయినవారి బాధ నేను దగ్గరగా చూశాను. అందుకే అసైన్‌మెంట్లలో 70కి తగ్గకుండా చూసుకోండి. పరీక్ష మన చేతిలో ఉండదు, అసైన్‌మెంటు ఉంటుంది.

సమీకరణాల దగ్గర వేగం తగ్గిందంటే భయపడాల్సినదేమీ లేదు, అవి లేని ఎం.ఏ. ఆర్థికశాస్త్రం ఎక్కడా ఉండదు. సిరిపురం వారు అన్నట్టు ఆంధ్రా యూనివర్సిటీ ప్రాస్పెక్టస్ కూడా తెప్పించి, రెండు పాఠ్యప్రణాళికలనూ పక్కపక్కన పెట్టి చూడండి. తెలుగులో రాయనిస్తే, ఈ ఏడాదికి ఆ కోర్సు యూజీసీ జాబితాలో ఉంటే, నా ఓటు కూడా విశాఖకే.

ఎక్కడ చేరినా దరఖాస్తుకు ముందు అకడమిక్ బ్యాంక్ ఆఫ్ క్రెడిట్స్ (విద్యార్థి క్రెడిట్లు నమోదయ్యే ఆన్‌లైన్ ఖాతా) గుర్తింపు సంఖ్య, దాని ఆధారంగా యూజీసీ దూరవిద్యా విభాగపు డెబ్ ఐడీ రెండూ ఉండాలి. 2024 నుంచి ఇది తప్పనిసరి చేశారు. డిజిలాకర్ ద్వారా మీ ఫోనులో మీరే చేసుకోవచ్చు, నెట్ సెంటరు వారికి ఓటీపీ చెప్పనక్కరలేదు. ఆధార్‌లోనూ పదో తరగతి మార్కుల జాబితాలోనూ పేరు ఒకే విధంగా ఉందో లేదో ముందు చూసుకోండి. పెళ్లి తర్వాత ఆధార్‌లో ఇంటిపేరు మార్పించుకున్నవారికి దరఖాస్తు ఆగిపోయేది ఎక్కువగా అక్కడే.